ఆంప్లిఫయరు బరువు ఎక్కడికి పోయింది?

పెళ్ళి పందిట్లోనో, ఊరి జాతరలోనో మైకు సెట్టు దించేటప్పుడు చూసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. వెనకటి పెద్ద ఆంప్లిఫయరును బండిమీదినుంచి దించాలంటే ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. ఇప్పుడు అంతకంటే ఎక్కువ ధ్వని ఇచ్చే పెట్టెను ఒక కుర్రవాడు చంకన పెట్టుకుని వస్తున్నాడు. మరి ఆ బరువంతా ఏమయింది? బరువు పోయిన చోట కొత్తగా ఏం వచ్చి చేరింది? ఆ చేరినదాని సంగతి తెలియకుండా మూత విప్పితే ఏమవుతుంది? మా బళ్ళారి వైపు మైకు సెట్ల మీద బతికే కుటుంబాలు ఉన్నాయి. పదో తరగతితో చదువు ఆపి రిపేరు పనిలో చేరిన పిల్లలూ ఉన్నారు. ముఖ్యంగా వాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఈ విషయం చెప్పాలనుకుంటున్నాను.

పాత ఆంప్లిఫయరులో బరువంతా ట్రాన్స్‌ఫార్మరుదే. మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. బావి దగ్గరనుంచి తొట్టికి నీళ్ళు మోసే మనిషిని ఊహించుకోండి. రోజుకు యాభై సార్లే తిరుగుతానంటే అతనికి పెద్ద బిందె కావాలి. లక్షసార్లు తిరగగలవాడికి ఉద్ధరిణె చాలు. ట్రాన్స్‌ఫార్మరులోని ఇనుము ఆ బిందె లాంటిది. ఒక్కొక్క తిరుగుడుకు ఎంత శక్తిని మోయాలో దాన్నిబట్టి దాని పరిమాణం ఉంటుంది.

ఇది ఉపమానం మాత్రమే కాదు, లెక్క కూడా. నడిమి స్తంభం అడ్డుకోత 125 చదరపు మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలంత మందం ఉన్న కోరు తీసుకుందాం. దాన్ని ఇనుపరేకులతో చేసి, 50 సైకిళ్ళ దగ్గర 230 వోల్టులకు చుట్టాలంటే సుమారు 6,900 చుట్లు కావాలి. అన్ని చుట్లు అందులో పట్టవు. అందుకే కోరును పెద్దది చేసి చుట్లు తగ్గించుకుంటారు, బరువు అక్కడే పెరుగుతుంది. అదే పరిమాణంలో ఫెర్రైటు కోరు తీసుకుని, సెకనుకు లక్ష సైకిళ్ళ దగ్గర నడిపితే 33 చుట్లు చాలు. ఫెర్రైటు అంటే నల్లగా, పింగాణీలా పెళుసుగా ఉండే పదార్థం. ఇనుము మోసే అయస్కాంత సాంద్రతలో పన్నెండో వంతే దానిమీద పెట్టాను, ఎందుకంటే అంతకంటే పెంచితే లక్ష సైకిళ్ళ దగ్గర అది వేడెక్కుతుంది. అంత తగ్గించినా చుట్లు వేలనుంచి పదులకు దిగాయి చూడండి.

అయితే 50 సైకిళ్ళ కరెంటును లక్ష సైకిళ్ళు చేసేదెలా? మొదట మెయిన్సును నేరుగా నాలుగు డయోడ్ల బ్రిడ్జితో డీసీ చేస్తారు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర దీనితో పని ఉంది. 230 వోల్టుల ఏసీకి శిఖరం 325 వోల్టులు కనుక, పెద్ద కెపాసిటర్లలో 325 వోల్టుల డీసీ నిలుస్తుంది. తరువాత రెండు మాస్‌ఫెట్‌లు, ఒకటి పైన ఒకటి కింద, వంతులవారీగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఆ డీసీని ముక్కలు చేసి ఫెర్రైటు ట్రాన్స్‌ఫార్మరుకు అందిస్తాయి. దీన్ని హాఫ్ బ్రిడ్జి అంటారు. ఇందులో ప్రైమరీకి అందేది 325లో సగం, 162 వోల్టులు. 33 చుట్ల ప్రైమరీ మీద 10 చుట్ల సెకండరీ వేస్తే, డయోడు మింగేది పోను సుమారు 48 వోల్టులు వస్తాయి. అలాంటి సెకండరీలు రెండుంటే ప్లస్ 48, మైనస్ 48. ఒక మంచి ఆంప్లిఫయరుకు అవి సరిపోతాయి. పల్లెల్లో సాయంత్రం వేళ కరెంటు 180 వోల్టులకు పడిపోతే ఈ 48 కూడా 37, 38కి దిగుతుంది. అందుకని వోల్టేజీని చూసుకుంటూ పల్సు వెడల్పును దిద్దే నియంత్రణ పెట్టి, సెకండరీ చుట్లను ఆ తక్కువ కరెంటుకు తగ్గట్టు ముందే ఎక్కువ వేసుకోవడం మంచి పద్ధతి.

ఇదే కిటుకును ధ్వని ఇచ్చే భాగానికి కూడా వాడుతున్నారు. పాత పద్ధతి ఆంప్లిఫయరులో ట్రాన్సిస్టరు ఎప్పుడూ సగం తెరిచిన తలుపులా ఉంటుంది. స్పీకరుకు 20 వోల్టులు కావలసి వస్తే మిగతా వోల్టులన్నీ తానే భరించి వేడి చేసుకుంటుంది. పూర్తి ధ్వనిలో నడిచినా, సిద్ధాంతం ప్రకారమే నూటికి 78.5 కంటే ఎక్కువ స్పీకరుకు చేరదు. మామూలు ధ్వనిలో ఇంకా తక్కువ. డి-క్లాసు అనే పద్ధతిలో మాస్‌ఫెట్ అయితే పూర్తిగా తెరుచుకుని ఉంటుంది, లేదా పూర్తిగా మూసుకుని ఉంటుంది. ధ్వని ఆకారమంతా ఎంతసేపు తెరిచాం అన్నదానిలో ఉంటుంది. చివర ఒక కాయిలు, ఒక కెపాసిటరు ఆ ముక్కలను కలిపి మళ్ళీ పాటగా మారుస్తాయి. ఈ పద్ధతిలో నూటికి 90 వరకు స్పీకరుకు అందుతుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1964లోనే ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ సంస్థ ఎక్స్-10 అనే చిన్న డి-క్లాసు కిట్టును అమ్మకానికి పెట్టింది. ఆనాటి ట్రాన్సిస్టర్లకు అంత వేగం లేదు. 1970లు ముగిసేనాటికి పవరు మాస్‌ఫెట్‌లు వచ్చాకగానీ ఆ ఆలోచనకు కాళ్ళు రాలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్విచ్చింగు సప్లయి అయినా, డి-క్లాసు ఆంప్లిఫయరు అయినా, బతికేదీ కాలిపోయేదీ ఒక్క చోటనే తేలుతుంది. అది మాస్‌ఫెట్ గేటు.

గేటు అనే మాట చాలా సరిగ్గా కుదిరింది. చెరువుకు తూము ఉన్నట్టే అది. తెలుగులో తూము, కన్నడంలో తూబు, తమిళంలో తూంబు, మూడు భాషలవాళ్ళకూ తెలిసిన వస్తువే. తూము తలుపు పూర్తిగా ఎత్తితే నీరు సాఫీగా పోతుంది. పూర్తిగా దించితే నిలుస్తుంది. సగంలో ఆపితేనే తలుపుకు కష్టం. మాస్‌ఫెట్‌కు కూడా అంతే. పూర్తిగా తెరిచినప్పుడు దానిమీద వోల్టేజీ దాదాపు ఉండదు, మూసినప్పుడు కరెంటు ఉండదు. రెంటి మధ్యలో వోల్టేజీ, కరెంటు రెండూ ఉండే క్షణంలోనే వేడి పుడుతుంది. కాబట్టి ఆ మధ్యస్థితిని ఎంత త్వరగా దాటిస్తే అంత మంచిది.

చాలామంది మాస్‌ఫెట్ గేటు కరెంటు తీసుకోదు అనుకుంటారు. తెరిచి పెట్టి ఉంచడానికి తీసుకోదు, నిజమే. కాని తెరవడానికి తీసుకుంటుంది. గేటు ఒక చిన్న కెపాసిటరు. దాన్ని నింపాలి. ఐఆర్ఎఫ్ 840 అనే మాస్‌ఫెట్ మన బజార్లలో అందరికీ తెలిసినదే. దాని గేటు పూర్తిగా నిండడానికి 63 నానోకూలుంబుల వరకు ఆవేశం కావాలని దాని పట్టికలోనే ఉంటుంది. 20 మిల్లీ ఆంపియర్లు మాత్రమే ఇవ్వగల చిన్న ఐసీతో దాన్ని నింపబోతే 3 మైక్రోసెకన్లు పడుతుంది. 3 మైక్రోసెకన్లంటే ఎంతలే అనుకోకండి. లక్ష సైకిళ్ళ దగ్గర ఒక సైకిలు మొత్తం 10 మైక్రోసెకన్లే. అందులో ఒక్కో మాస్‌ఫెట్ వంతు 5కు లోపు. తెరవడానికి 3, మూయడానికి మరో 3 అయితే, అది పూర్తిగా తెరుచుకుని నిలిచేది ఎప్పుడు? వేడికి పగిలిపోతుంది. అదే గేటుకు ఒక ఆంపియరు ఇస్తే 63 నానోసెకన్లలో పని ముగుస్తుంది.

తమాషా ఏమిటంటే, ఇంత చేసినా సగటున ఖర్చయ్యే శక్తి చాలా తక్కువ. 12 వోల్టుల మీద సెకనుకు లక్షసార్లు నింపి ఖాళీ చేసినా, మొత్తం వాటులో పదమూడో వంతే. ఇక్కడ కావలసింది ఎక్కువ శక్తి కాదు. అడిగిన క్షణంలో ఒక్కసారిగా ఇవ్వగలగడం. గేటు డ్రైవరు అనే ఐసీ చేసేది అదే. ఐఆర్ 2110 అనే పేరుగల డ్రైవరు సుమారు రెండు ఆంపియర్ల దెబ్బ ఇవ్వగలదు. పల్సులు పుట్టించే ఎస్‌జి 3525 లాంటి ఐసీ స్వయంగా కొంత కరెంటు ఇస్తుంది, చిన్న మాస్‌ఫెట్‌లకు సరిపోతుంది. కారు ఆంప్లిఫయర్లలో తరచు కనబడే టిఎల్ 494 అయితే గేటును నింపగలదు గాని, ఎమిటరునుంచి తీసుకునే వాడుకలో దానంతటది ఖాళీ చేయలేదు. ఖాళీ చేయడానికి వేరే ట్రాన్సిస్టరు పెట్టాలి. నింపడం మీద ఉన్న శ్రద్ధ ఖాళీ చేయడం మీద ఉండకపోవడం నేను చాలా సర్క్యూట్లలో చూశాను.

గేటు నిండేటప్పుడు ఒక వింత జరుగుతుంది. వోల్టేజీ పెరుగుతూ పెరుగుతూ ఐదారు వోల్టుల దగ్గర కాసేపు కదలకుండా ఆగుతుంది. ఒక కుండ నింపుతుంటే మధ్యలో ఉన్న గొట్టం గుండా పక్క కుండలోకి నీరు పోతున్నట్టు ఉంటుంది. ఆ గొట్టం గేటుకూ డ్రెయినుకూ మధ్య ఉన్న కెపాసిటెన్సు. దీన్ని మిల్లరు మెట్టు అంటారు. స్విచ్చి నిజంగా తెరుచుకుంటున్నది ఆ సమయంలోనే. ఈ గొట్టం తిరగబడి కూడా పనిచేస్తుంది. పై మాస్‌ఫెట్ ఒక్కసారిగా తెరుచుకుంటే మధ్య బిందువు సున్నానుంచి 325కు ఎగురుతుంది. ఆ ఊపు కింద మూసి ఉన్న మాస్‌ఫెట్ గేటులోకి కూడా కొంత ఆవేశాన్ని తోస్తుంది. ఆ గేటును డ్రైవరు గట్టిగా కిందికి పట్టి ఉంచకపోతే, రెండు మూడు వోల్టులు దాటగానే అదీ తెరుచుకోవడం మొదలుపెడుతుంది. పైదీ కిందిదీ ఒకేసారి తెరుచుకుంటే 325 వోల్టులకు నేరుగా షార్టే. అందుకే డ్రైవరును గేటుకు ఆనుకునే పెట్టాలి. వేలెడు పొడవు తీగ వేసి కలిపితే, ఎంత మంచి డ్రైవరయినా ఆ తీగలోనే దాని బలం పోతుంది.

పై మాస్‌ఫెట్‌తో మరో చిక్కు ఉంది. గేటు వోల్టేజీని సోర్సునుంచి లెక్కపెట్టాలి. కింది మాస్‌ఫెట్ సోర్సు నేలమీద ఉంటుంది. పైదాని సోర్సు తెరుచుకోగానే 325 దగ్గరకు ఎక్కుతుంది. అంటే గేటుకు 337 వోల్టులు కావాలి. ఎక్కడినుంచి తేవాలి? తాటిచెట్టు ఎక్కేవాడు నడుముకు నీళ్ళ ముంత కట్టుకుని పోయినట్టు, ఒక చిన్న కెపాసిటరును పై సోర్సుకు కట్టి ఉంచుతారు. సోర్సు కిందికి దిగినప్పుడల్లా ఒక డయోడు గుండా అది 12 వోల్టులకు నిండుతుంది. పైకి ఎక్కినప్పుడు ఆ నీళ్ళతోనే గేటు నిండుతుంది. దీనిని బూట్‌స్ట్రాప్ అంటారు. ఒక మైక్రోఫారడు కెపాసిటరు ధారాళంగా చాలు. డయోడు మాత్రం వేగంగా మూసుకునే యుఎఫ్ 4007 రకం కావాలి. అదే ఆకారంలో ఉండే 1ఎన్ 4007 పెడితే సమయానికి మూసుకోదు, 325 వోల్టులు వెనక్కి తన్నుతాయి. ఇంకొక మాట. చెట్టుమీద ఉన్నవాడు కిందికి దిగకపోతే ముంత ఖాళీ అవుతుంది. డి-క్లాసు ఆంప్లిఫయరును గొంతు పగిలేదాకా పెంచితే పై మాస్‌ఫెట్ చాలాసేపు తెరిచే ఉంటుంది. ముంతలో 12 కాస్తా ఎనిమిదికి దిగేసరికి మంచి డ్రైవరు తనంతట తానే గేటు మూసేస్తుంది. ఆ రక్షణ లేనిది మాస్‌ఫెట్‌ను సగంలో వదిలేస్తుంది.

రెండు మాస్‌ఫెట్‌ల వంతుల మధ్య కొంత విరామం ఉండాలి. ఒంటి పట్టాల రైలుమార్గం మీద ఒక బండి పూర్తిగా దాటాకనే రెండో బండిని వదిలినట్టు. సప్లయిలో ఈ విరామం అర మైక్రోసెకను ఉన్నా నష్టం లేదు. ఎస్‌జి 3525లో 5వ పిన్నుకూ 7వ పిన్నుకూ మధ్య ఒక రెసిస్టరుతో దీన్ని పెట్టుకోవచ్చు. ఐఆర్ 2153లో 1.2 మైక్రోసెకన్లు లోపలే ఉంది. ఐఆర్ 2110లో మాత్రం లేదు, ముందున్న సర్క్యూటే చూసుకోవాలి. డి-క్లాసులో కథ వేరు. అక్కడ విరామం పెరిగితే పాట గరగరమంటుంది. అందుకే కొద్ది పదుల నానోసెకన్ల దగ్గర సర్దుకుంటారు. రక్షణకూ మాధుర్యానికీ మధ్య బేరం అన్నమాట.

గేటుకు వరుసలో పెట్టే 10, 22 ఓముల చిన్న రెసిస్టరుది కూడా బేరమే. తీసేస్తే గేటు వేగంగా కదులుతుంది, వేడి తగ్గుతుంది. కాని ఆ వేగానికి తీగలు గంటలా మోగి గోల పుట్టిస్తాయి. ఈ గోల రేడియో వినే మనకు నేరుగా తగులుతుంది. లక్ష సైకిళ్ళ స్విచ్చింగుకు ఆరో రెట్టు 600 కిలోహెర్ట్‌జ్, ఏడో రెట్టు 700. అవన్నీ 531నుంచి 1602 కిలోహెర్ట్‌జ్ వరకు ఉన్న మీడియం వేవ్‌లో పడతాయి. ఒక చిన్న మీడియం వేవ్ రేడియోను ఆంప్లిఫయరు దగ్గర పెట్టి ముల్లు తిప్పండి. బుర్రుమనే మోత సమాన దూరాల్లో వస్తుంటే అది ఆ సప్లయి సంతకమే. ఖర్చులేని పరీక్ష.

ఇక రిపేరు సంగతి. మాస్‌ఫెట్‌లు పేలిన సప్లయి వస్తే, మీటరుతో చూసి కొత్తవి వేసి కరెంటు పెడతారు. వెంటనే అవీ పేలతాయి. దుకాణంవాడి సరుకును తిడతారు. నకిలీ సరుకు ఉండవచ్చు, కాని చాలాసార్లు కారణం వేరు. మాస్‌ఫెట్ లోపల షార్టయినప్పుడు 325 వోల్టులు గేటు గుండా డ్రైవరులోకి పోతాయి. డ్రైవరు చస్తుంది, గేటు రెసిస్టరు తెగుతుంది. చచ్చిన డ్రైవరు ముందు కొత్త మాస్‌ఫెట్‌ను నిలబెడితే అది ఎలా బతుకుతుంది? కాబట్టి మాస్‌ఫెట్‌లు వేయకముందే 12 వోల్టులు బయటినుంచి ఇచ్చి, గేటు దగ్గర పల్సులు సరిగా వస్తున్నాయా, మధ్యలో విరామం ఉందా అని చూడాలి. అలాగే మాడిన ట్రాన్స్‌ఫార్మరును రివైండింగుకు ఇచ్చేటప్పుడు లావు తీగ ఒకటి వేయమనకూడదు. లక్ష సైకిళ్ళ దగ్గర కరెంటు రాగి పైపొరలో 0.2 మిల్లీమీటర్ల లోతుకే పరిమితం. సన్న తీగలు పదో పదిహేనో కలిపి పేనాలి. సెకండరీ డయోడ్లు కూడా వేగమైనవే వేయాలి.

సప్లయినీ ఆంప్లిఫయరునూ విడివిడిగా చూస్తే అర్థం కాని జబ్బు ఒకటుంది. హాఫ్ బ్రిడ్జి డి-క్లాసు ఆంప్లిఫయరు డప్పు, డోలు లాంటి లోతైన ధ్వనులు వాయించేటప్పుడు ప్లస్ వైపునుంచి తీసుకున్న శక్తిలో కొంత మైనస్ వైపుకు తిరిగి తోస్తుంది. స్విచ్చింగు సప్లయి ఒకవైపు దారి, తిరిగి వచ్చినదాన్ని మింగలేదు. మైనస్ 48 కాస్తా 60కి ఎక్కి సప్లయి ఆగిపోతుంది, లేదా కెపాసిటర్లు ఉబ్బుతాయి. డోలు దెబ్బకే సెట్టు ఆగుతోందంటే దీన్ని అనుమానించాలి. పెద్ద కెపాసిటర్లు ఒక ఉపాయం. ఖర్చులేని ఉపాయం మరొకటి ఉంది. రెండు చానళ్ళలో ఒకదానికి సిగ్నలును తలకిందులు చేసి ఇచ్చి, దాని స్పీకరు తీగలను కూడా మార్చి కలిపితే, ఒకటి తోసినదాన్ని రెండోది వాడుకుంటుంది.

చివరిగా ప్రాణానికి సంబంధించిన మాటలు. మెయిన్సుకూ 325 వోల్టులకూ మధ్య ట్రాన్స్‌ఫార్మరు లేదని చెప్పుకున్నాం. ప్లగ్గు పీకినా ఆ కెపాసిటర్లలో వోల్టేజీ ఉంటుంది. 680 మైక్రోఫారడ్‌లవి రెండు వరుసలో ఉంటే నిలిచే శక్తి 18 జౌళ్ళు, మనిషి ఎత్తునుంచి కిలో రాయి పడినంత. ఒక్కోదానికి లక్ష ఓముల రెసిస్టరు అడ్డంగా ఉంటే ఖాళీ కావడానికి సుమారు ఆరు నిమిషాలు పడుతుంది. ఆ రెసిస్టరు తెగి ఉంటే గంటల తరబడి అలాగే ఉండవచ్చు. గడియారాన్ని నమ్మకండి, మీటరుతో కొలవండి. స్క్రూడ్రైవరుతో షార్టు చేయకండి, తొడుగున్న తీగలతో 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బును తగిలించండి. రిపేరు చేసిన సప్లయికి మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు కూడా ఆ బల్బునే వరుసలో పెట్టండి. స్పీకర్లు, ఆంప్లిఫయరు కలపకుండా పెట్టినప్పుడు ఒక్క మెరుపు మెరిసి ఆరితే మంచిది, పూర్తిగా వెలిగితే లోపల షార్టు ఉంది. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ఆసిలోస్కోపు క్లిప్పును ప్రైమరీ వైపు నేలకు తగిలించకూడదు, ఎర్తు గుండా షార్టవుతుంది. స్కోపు ఎర్తు పిన్ను తీసేయడం దానికి మార్గం కాదు. రిపేరులో ఉన్న పెట్టెకు ఐసొలేషను ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకోవాలి.

మరి పాడేవాడికి మైకు పట్టుకుంటే జివ్వుమంటుందే, అదేమిటి? గోలను ఆపడానికి మెయిన్సు రెండు తీగలనుంచీ ఆంప్లిఫయరు పెట్టెకు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు లేనప్పుడు ఆ పెట్టె 115 వోల్టుల దగ్గర తేలుతుంది. కరెంటు మిల్లీ ఆంపియరులో కొద్ది భాగమే, అది ప్రాణం తీయదు. కాని ట్రాన్స్‌ఫార్మరు ఇన్సులేషను చెడినా మొదట అలాగే జివ్వుమంటుంది, చేతికి ఆ రెండింటి తేడా తెలియదు. కెపాసిటర్లు కత్తిరించేవాళ్ళున్నారు, అది తప్పు. పందిట్లో ఎర్తు లేకపోతే తడినేలలో ఇనుపకడ్డీ దింపి ఆంప్లిఫయరు పెట్టెకు కలపండి. అయితే ఒక్క కడ్డీతో ఫ్యూజు ఎగిరేంత కరెంటు రాకపోవచ్చు, కనుక 30 మిల్లీ ఆంపియర్లకు తెగే లీకేజి బ్రేకరు కూడా ముందు ఉండాలి. ఎర్తు పిన్ను విరిచిన ప్లగ్గుతో మాత్రం మైకును ఎవరి చేతికీ ఇవ్వకండి.